గోడత్త

కరిగిన సీసం పైనుంచి చుక్కలుగా జారి, కింది నీళ్లతొట్టి చేరేలోగా తుపాకీ గుళ్లయ్యేది ఒకప్పుడు ఆ టవరులో. ఇప్పుడు దాన్ని సందర్శకులకు చూపించే ఆమెను తోటివాళ్లు గోడత్త అంటారు. శిఖరాన వరండాలోకి రాగానే ఆమె వీపు గోడకు అతుక్కుంటుంది, అరచేతులు ఇటుకల్ని తడుముతాయి. కళ్లు గట్టిగా మూసుకుని, "అదిగో నది, ఆరేసిన జరీచీరలా!" అంటుంది. పడిన ప్రతి చుక్కా ఆమె కడుపులో ఇంకా పడుతూనే ఉంటుంది.

ఒకనాడు కూతురు వెంట వచ్చింది.

"కళ్లు తెరువమ్మా, నీ నది ఎక్కడికీ పారిపోదులే!" అంటూ వరండా అంచున తుప్పుపట్టిన కమ్మీ మీంచి వంగింది. కమ్మీ కిర్రుమంది. గోడత్త కళ్లు తెరిచింది. నది కనపడలేదు, నేల వదిలిన కూతురి మడమలు కనపడ్డాయి. చేయి గోడను వదిలి జడను దొరకబుచ్చుకుంది.

"అబ్బా, జడ ఊడొస్తుందే అమ్మా!"

"ఊడితే ఊడనీ. నువ్వు ఊడిపడకపోతే చాలు."

మెట్లు దిగుతున్నంతసేపూ ఆమె గోడను తాకలేదు. జడను మాత్రం వదల్లేదు.