బోసినోటి కొలత

తెల్లారితే గుర్రపుశాల తాతకి మొదటి పని గడ్డి తడపడం. దుమ్ము ముక్కుకి తగిలిందా, ఇరవై ఎనిమిదేళ్ళ ముసలి గుర్రానికి ఆయాసం ముంచుకొస్తుంది. దానికి పళ్ళు అరిగిపోయాయి, తాతకి ఊడిపోయాయి. అందుకే గడ్డిని సన్నగా కత్తిరించి, తవుడులో నానబెట్టి, ముందు తన నోట్లో వేసుకుని చూస్తాడు. చిగుళ్ళకి నలిగితేనే తొట్టిలో పోస్తాడు. తర్వాత తన మోకాళ్ళు కలుక్కుమంటున్నా వంగి, ఒక్కో గిట్టా ఎత్తి, వాపు చూసి చన్నీళ్ళు పోస్తాడు.

"ఈ చలికాలం దాటదు, ఆశ వదులుకో తాతా," అన్నాడు పశువుల డాక్టరు.

"కిందటేడూ ఇదే మాటన్నారు బాబూ. మందు రాయండి."

ఈమధ్య కూతురు పోరి పోరి తాతకి కట్టుడుపళ్ళు పెట్టించింది. మర్నాడే గుర్రం మేతని ఉండలుగా ఉమ్మేసింది. రుచి చూసి, మెత్తగానే ఉందని పెట్టాడే! తాత కాసేపు బుర్ర గోక్కున్నాడు. తర్వాత పళ్ళు ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం తెచ్చిన కూతురు నెత్తి కొట్టుకుంది. "పళ్ళు జేబులో పెట్టుకోడానికా నాన్నా కట్టించింది?"

"నా అన్నానికి పెట్టుకుంటాలేవే," అంటూ తాత చిటికెడు మేత నోట్లో వేసుకుని, చిగుళ్ళతో నలిపి, తల అడ్డంగా ఊపాడు. "ఇంకో గంట నానాలి."