మళ్ళీచెప్పండి మేడమ్

"ఆ ఒక్క వాక్యం తీసెయ్యమని మీకెవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదు సార్. నేనే తీసేశాను."

"ఎంత తీరిగ్గా చెబుతున్నారండీ! నాలుగేళ్ళ పని అది. పొద్దున పేపరు వచ్చిన దగ్గర్నుంచి మా డిపార్టుమెంటు మొత్తం నన్ను గారడీవాణ్ణి చూసినట్టు చూస్తోంది."

"కూచుని తిట్టండి. ఇటు, ఈ కుర్చీలో."

విశ్వవిద్యాలయంలో మెట్ల కింద ఉన్న గది అది. తలుపు ఓరగా తెరిచి ఉండడంతో వరండాలో పోయేవాళ్ళు నడక తగ్గించారు. జెరాక్సు తీసే ఆయనైతే ఏకంగా మిషను ఆపేసి విన్నాడు.

అరుస్తున్నది చెవుల సారు. ముసలివాళ్ళ వినికిడి మీద పరిశోధన చేసే మనిషి. ఎవరిమీదా గొంతెత్తి ఎరగడు కాబట్టి అరవడం కూడా సరిగ్గా రావడంలేదు, మధ్యమధ్య "ఏమనుకోకండి" అంటున్నాడు. ఎదురుగా కూర్చుని అరిపించుకుంటున్నది మళ్ళీచెప్పండి మేడమ్.

ఆ పేరు పరిశోధకులు పెట్టిందే. పెద్ద చదువుల వాళ్ళు కనిపెట్టినదాన్ని పేపర్లకీ రేడియోకీ టీవీకీ మామూలు మనుషుల మాటల్లో అందించడం ఆమె ఉద్యోగం. పందొమ్మిదేళ్ళుగా అదే పని, అదే గది. పెద్ద చదువుల వాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. "వానపాములు మట్టిని గుల్ల చేస్తాయి" అనడానికి అరపేజీ కావాలి వాళ్ళకి. ఆమె మొత్తం వింటుంది, తల ఊపుతుంది, "మళ్ళీ చెప్పండి" అంటుంది. రెండోసారి కొంచెం తగ్గుతారు. మూడోసారికి విసుగొచ్చి, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడేస్తారు. ఆ మూడోసారి మాటనే ఆమె రాసుకుంటుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. మైకు ముందు కూర్చోబెట్టే ముందు చిన్న చీటీ ఇచ్చి, ఎవరికి చెబుతున్నారో రాయమంటుంది. "ప్రజలకు" అని రాస్తే చించేస్తుంది. "ప్రజలు ఎవరండీ, ఎప్పుడైనా కలిశారా?" అంటుంది. అప్పుడు మా మేనత్త అనో, స్కూలు బస్సు డ్రైవరు అనో రాస్తారు. ఆ చీటీ మైకుకి ఆనించి, ఆ ఒక్కరికీ చెప్పమంటుంది. వంతెనల మీద పుస్తకాలు రాసిన ఓ ప్రొఫెసరు "మా ఆవిడ" అని రాసి, పావుగంటసేపు నోరు పెగలక కూచున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాంటి మనిషి ఈసారి తప్పు చేసింది. చెవి మిషను పెట్టుకున్న ముసలివాళ్ళు, పెట్టుకోనివాళ్ళకంటే మెల్లిగా మరుపులోకి జారుతున్నట్టు చెవుల సారు పరిశోధనలో కనబడింది. పత్రికలకి పంపే కాగితంలో ఆయన చివర ఒక వాక్యం రాశాడు: "ఇది మిషను వల్లనా, వేరే కారణంవల్లనా అన్నది ఇంకా తెలియదు." ఆ వాక్యం లేకుండా కాగితం వెళ్ళింది. పొద్దున పేపర్లో ఇంత లావు అక్షరాలు: చెవి మిషనుతో మతిమరుపుకు చెక్!

"చోటు సరిపోక తీశారా?" అన్నాడు చెవుల సారు, కాస్త చల్లబడి.

"చోటుంది."

"మరి?"

ఆమె మోగుతున్న ఫోను స్పీకరు నొక్కింది. పైనుంచి డైరెక్టరు. పేపరువాళ్ళు వక్రీకరించారని రెండు ముక్కలు రాసి పడెయ్యమన్నాడు. "వాళ్ళు నేను పంపిందే వేశారు సార్," అని పెట్టేసింది.

చెవుల సారు లేచాడు. "సాయంత్రం రేడియోకి నేను రాను మేడమ్. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ రాను. మా కాగితాలు మేమే రాసుకుంటాం, మేమే చదువుకుంటాం. జనం జోలికి రాకపోతే ఏ గొడవా లేదు."

ఆమె మొహం అప్పుడు పాలిపోయింది. తిట్లకి చలించని మనిషి ఈ మాటకి పాలిపోయింది. పందొమ్మిదేళ్ళుగా ఒక్కొక్కర్నీ బుజ్జగించి గదుల్లోంచి బయటికి తెచ్చింది. ఇవాళ ఒకణ్ణి తన చేత్తోనే లోపలికి తోసి తలుపేసినట్టయింది.

మళ్ళీ ఫోన్ మోగింది. స్పీకరు నొక్కింది. ఎవరో ఒకామె.

"అమ్మా, పేపర్లో ఈ నంబరుంది. మా నాన్నకి చెవి మిషను కొంటే నన్ను గుర్తుపడతాడా అండీ? మొన్నట్నుంచి నన్ను నర్సమ్మా అంటున్నాడు."

మేడమ్ ఫోను సారు వైపు జరిపింది.

"చూడండమ్మా, సహసంబంధం వేరు, కారణం వేరు. మా నమూనా పరిమాణం..."

మేడమ్ చీటీ మీద ఏదో గీకి ఆయన ముందు పెట్టింది. చదవక్కర్లేదు, ఏం రాసి ఉంటుందో ఆమె పేరే చెబుతుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"తెలియదమ్మా. గుర్తుపడతారని నేను చెప్పలేను. పేపర్లో అలా వచ్చింది గానీ, మాకింకా తెలియదు. వినబడితే మాత్రం నలుగురి మధ్యా కూచోగలుగుతారు. మీ మాట చెవిన పడుతుంది. ముందు ఒకసారి వినికిడి పరీక్ష చేయించండి."

"పోన్లెండి," అంది ఫోన్లో ఆమె. "తెలియదని చెప్పినవాళ్ళు మీరొక్కరే. అందరూ అదీ ఇదీ చెప్పి పంపిస్తున్నారు."

ఫోన్ పెట్టేశాక చెవుల సారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత, "రేడియో నాలుగింటికి కదా?" అన్నాడు.

రేడియో గదిలో సౌండు చూసే ఆయన ఇద్దరికీ హెడ్‌ఫోన్లు ఇచ్చి, "రెండు వైపులా వస్తోందా?" అన్నాడు. "బ్రహ్మాండంగా," అంది మేడమ్. చెవుల సారు చీటీ మీద "ఇందాకటి ఫోనామె" అని రాసి మైకుకి ఆనించాడు. ఎర్రలైటు వెలిగింది.

మొదట మేడమే మాట్లాడింది. "పొద్దున మీరు పేపర్లో చదివినదాంట్లో ఒక వాక్యం లేదు. దాన్ని తీసేసింది పేపరువాళ్ళు కాదు, ఈ సారు కాదు, నేను. ఇప్పుడు ఆయనే ఆ వాక్యంతో సహా చెబుతారు, వినండి." ఆపైన ఆయన చెప్పాడు. ఒక్కసారికే మనుషుల మాటల్లో చెప్పాడు. ఆమె మళ్ళీ చెప్పండి అనాల్సిన పనే పడలేదు.

బయటికి వస్తుంటే సౌండాయన తలకొట్టుకున్నాడు. "అయ్యయ్యో, మేడమ్‌కి ఆ పాడు సెట్టు ఇచ్చానే! దాని ఎడమవైపు నిన్నట్నుంచి పలకట్లేదు. ఎలా సర్దుకున్నారండీ?"

"నా చెవులు పాముచెవులు లెండి," అంది మేడమ్. సౌండాయన నవ్వాడు.

చెవుల సారు నవ్వలేదు. ఆయన బతుకంతా చెవులే. మెట్ల కింద గది కళ్ళముందు ఆడింది. వచ్చినవాళ్ళని ఎప్పుడూ కుడివైపు కుర్చీలోనే కూచోబెడుతుంది. ఎడమవైపు కుర్చీ నిండా పాత పేపర్ల కట్టలు. ఫోన్లన్నీ స్పీకరులోనే. కొన్నాళ్ళుగా ఆ "మళ్ళీ చెప్పండి"లో సగం పద్ధతి, సగం అవసరం.

మెట్లు దిగుతూ ఆయన ఆమె ఎడమవైపునుంచి కుడివైపుకి మారాడు. ఆమె అది గమనించి ఆగిపోయింది.

"ఎన్నాళ్ళయింది మేడమ్?"

"మూడేళ్ళు. మా అమ్మకీ ఇలాగే మొదలైంది. ముందు వినబడటం పోయింది, తర్వాత మనుషులు పోయారు. చివర్లో నన్ను వదినా అని పిలిచేది. మా మేనత్త అనుకుని, మా నాన్న మీద నాకే చాడీలు చెప్పేది." నవ్వబోయింది. "మీ కాగితం చదివాను. ఆ ఆఖరి వాక్యం దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతటదే కొట్టేసింది. అది లేకపోతే ఎంత బాగుందో ఆ కాగితం!"

ఆయనకి పొద్దున అరిచిన అరుపులన్నీ గుర్తొచ్చి చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమనుకోకండి మేడమ్."

"పొద్దుట్నుంచీ అదే అంటున్నారు. ఒక సాయం చేసిపెట్టు బాబూ," అంది. ఎవరినైనా సార్ అనే మనిషి, మొదటిసారి బాబూ అంది. "రేపు వస్తాను, నా చెవులు పరీక్ష చెయ్యి. రిపోర్టు నా చేతికివ్వద్దు, ఎక్కడ ఏ వాక్యం కొట్టేస్తానో! నా కుడిపక్కన కూచుని నువ్వే చదివి చెప్పు. ఆఖరిదాకా చదువు."