పోలమ్మ దండం

అలసిన చేతులకు ఏ రోజు బలం ఆ రోజు ఇచ్చి, ఇంతవరకు నడిపించిన దేవునికి స్తోత్రం. ఆ బలం అయిపోయిందనుకున్న ఒక ఏటి సంగతి ఇది.

1961. నెల్లూరు జిల్లా సముద్రతీరంలోని ఒక చిన్న మిషను ఆసుపత్రిలో నేను ఆడవాళ్ల వార్డు నర్సును. ఆ ఎండాకాలం మంచాలు చాలక వరండాలో కూడా చాపలు పరిచాం. నిలబడి ప్రార్థన చేస్తుంటే కళ్లు మూతలు పడేవి.

పులికాట్ సరస్సు ఒడ్డు పల్లె నుంచి పోలమ్మ వచ్చింది. చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మే మనిషి. ఏళ్ల తరబడి కుడిచంకలో గడ్డలు లేచి, పగిలి, చీము కారి, మళ్లీ లేస్తున్నాయి. చర్మం కింద ఒక గడ్డ నుంచి ఇంకో గడ్డకు దారులు పడిపోయాయి. దీన్ని హైడ్రాడినైటిస్ అంటారు. అంటుకునే జబ్బు కాదు.

“ఇన్నేళ్లు ఎందుకు చూపించుకోలేదమ్మా?”

“చేపల కంపులో నా కంపు ఎవురికి తెలస్తాది సిస్టరమ్మా?” అని నవ్వింది. వెంటనే నవ్వు మానేసి, “ఇప్పుడు చెయ్యి పైకి లేవడం ల్యా. బుట్ట పట్టుకోకుండా నేనెట్టా బతికేది?” అంది.

గడ్డలు కోస్తే చాలదని డాక్టరు గారు చెప్పారు. చెడిన చర్మమంతా తీసేసి, తొడ మీది పలచటి చర్మం తెచ్చి అక్కడ పరిచారు. దాన్ని స్కిన్ గ్రాఫ్ట్ అంటారు. అది అతుక్కునేదాకా చంక కదలకూడదు. అందుకని చేతిని పైకెత్తి చెక్క స్ప్లింటుకు కట్టి, “చెయ్యి దించొద్దు” అని గట్టిగా చెప్పాను.

ఒక పొద్దున డాక్టరు గారు రౌండ్లకు వచ్చారు. నేను అవతలి మంచం దగ్గర ఉన్నాను. మూలుగు విని తిరిగి చూస్తే, పోలమ్మ కట్టు వదులు చేసుకుని, చెయ్యి కిందికి లాక్కుని, రెండు చేతులూ జోడించి ఉంది. కట్టు విప్పితే చర్మం ఒక పక్కకు జారిపోయి ఉంది.

“దించొద్దన్నాను గదమ్మా!”

“పనికి వద్దన్నావనుకున్నా. దండానికి గూడానా? అయ్య ఎదురుగా వస్తే ఎడంచేత్తో పెట్టేదా?”

కొన్నాళ్లకు ఆ చర్మం నల్లబడింది. అది చూసి డాక్టరు గారు స్టూలు మీద కూలబడ్డారు. “ఇంకో తొడ నుంచి తీయాలి పోలమ్మా.”

“చేపను గూడా ఇన్నిసార్లు కొయ్యరయ్యా!” అని ఆమె ఏడ్చింది.

రెండోసారి అయ్యాక డాక్టరు గారు గుమ్మంలోనే ఆగి, “పోలమ్మా, దండం. నువ్వు పెట్టొద్దు” అని తానే చేతులు జోడించేవారు. ఆమె సిగ్గుతో మొహం గోడకు తిప్పుకునేది. కట్టు మార్చేటప్పుడు ఆమె చేతిని నా భుజం మీద మోసేదాన్ని. బైబిల్లో యుద్ధం ముగిసేదాకా మోషే చేతులు దిగకుండా ఎత్తిపట్టుకున్న అహరోను, హూరులకు కూడా భుజాలు నొప్పి పుట్టే ఉంటాయని అప్పుడే తట్టింది.

ఈసారి చర్మం అతుక్కుంది. చెయ్యి పూర్తిగా లేవలేదు కానీ బుట్ట అంచు అందింది. ఇంటికి వెళ్లే రోజు బుట్ట కిందపెట్టి, డాక్టరు గారికి తృప్తిగా రెండు చేతులూ జోడించింది.

వానలు మొదలయ్యాక మళ్లీ వచ్చింది. ఈసారి ఎడమచంక.

నా మొహం చూసి తనే అంది: “దిగులు పడబాక సిస్టరమ్మా. ఈ తూరి కుడిచెయ్యి ఖాళీగానే ఉంటది గదా. దాంతోనే పెడతాలే.”

వద్దన్న మాట ఒక్కటే చాలదని, ఎందుకు వద్దో కూడా రోగికి అర్థమయ్యేలా చెప్పాలని పోలమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఒకచోట బాగైతే ఇంకోచోట జబ్బు మళ్లీ లేస్తుందని, మనమూ మళ్లీ లేవాలని కూడా. తగ్గని జబ్బుతో మంచాన ఉన్నవారి కోసం, వారి చేతులు మోస్తూ అలసినవారి కోసం, చదువుతున్న మీరు కూడా నాతో కలిసి ఒక్క నిమిషం ప్రార్థించండి.