మూరలోతున వెండి

పోయిన వారం మా ఎదురింటి పిల్లోడు సెల్‌ఫోన్ పట్టుకొని వచ్చి, ప్రొద్దుటూరులో ఎవరో వాడిన మెటల్ డిటెక్టర్ చౌకగా అమ్ముతున్నారు, కొనొచ్చా మామా అని అడిగాడు. నాపరాళ్ళ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తూ, పెద్ద చదువు లేకుండానే లెక్క నేర్చుకున్న మనిషిని కాబట్టి, పులివెందులలో పాత మోటారు కొనాలన్నా పాత బండి కొనాలన్నా నన్ను అడిగేవాళ్ళు కొందరున్నారు. గాలిలో రూపాయి బిళ్ళ ఊపి చూపిస్తే నమ్మొద్దు, భూమిలో పాతి చూపించమను అని చెప్పబోయాను. పాతడం అనేసరికి మా అక్క గుర్తొచ్చింది.

అట్లాంటి మిషను కోసమే ఒకప్పుడు నేను మూడు ఊళ్ళు తిరిగాను. మా అక్కను ఇచ్చింది జమ్మలమడుగు అవతల, పెన్న దగ్గరి పల్లెకు. ఆమెకు పుట్టిన ఒక్కగానొక్క కొడుకు అడుగులు నేర్చే వయసులో జ్వరం వచ్చి పోయాడు. మా వాళ్ళలో పసిబిడ్డల్ని కాల్చరు, పూడుస్తారు. ఆడవాళ్ళు అక్కడికి పోరు. బావ ఒక్కడే బిడ్డను ఎత్తుకొనిపోయి తమ చేని గట్టు పక్కన పూడ్చి వచ్చాడు. వాని నడుముకున్న వెండి మొలతాడు మాత్రం తీయొద్దని, ఒట్టి మొలతో పంపొద్దని అక్క బతిమాలి పంపింది.

తర్వాత కొన్నేళ్ళకు రిజర్వాయరు వచ్చి ఊరూ చేనూ నీళ్ళలో కలిసిపోయాయి, అందరూ కొత్త కాలనీకి మారారు. వానలు లేని ఒక ఎండాకాలం నీళ్ళు బాగా వెనక్కి పోయి, ఊరున్న చోటు బయటపడింది. గట్లు లేవు, చెట్లు లేవు, బావి పూడిపోయింది. తన చేను ఏదో బావకే గుర్తు తెలియలేదు. అప్పుడు అక్క నన్ను పిలిపించి, మిషను పెడితే మట్టిలో వెండి ఎక్కడుందో తెలుస్తుందంట కదా, తవ్వొద్దు, మళ్ళీ నీళ్ళు రాకముందే బిడ్డ పండుకున్న చోటు ఒక్కసారి చూపిస్తే చాలు అంది.

కొత్తది కొనే తాహతు మాకు లేదు. పాతవి చూస్తే, గుప్తనిధుల ఆశతో కొని, గుట్టలన్నీ తిరిగి, తుప్పు మేకులు తప్ప ఏమీ దొరకక అటకెక్కించినవే ఎక్కువ. అమ్మేవాడు సిగ్గుపడుతూ అమ్ముతాడు, సిగ్గుపడేవాని దగ్గర బేరం బాగా కుదురుతుందని నేను తొందరగానే కనిపెట్టాను. ప్రొద్దుటూరులో చూపించినవి జాతరల్లో పోలీసులు జనాన్ని తడిమే కర్రలాంటివి, బెత్తెడు లోతు దాటితే వాటికి ఏమీ తెలియదు. పులివెందులలో దొరికినది ఎర్రమట్టి కనిపిస్తే చాలు ఊరికే అరిచేది.

పరీక్షకు నాకొక పద్ధతి ఉండేది. బిడ్డను మోకాటిలోతునే పెట్టినట్టు బావ చెప్పాడు. పైమట్టి కొంత కొట్టుకుపోయి ఉంటుంది కాబట్టి మూరలోతు అని లెక్క వేశాను. తెలిసిన కంసాలి దగ్గర పసిపిల్లల వెండి మొలతాడు ఒకటి అడిగి తెచ్చుకొని, పోయినచోటల్లా దాన్ని మూరలోతున పాతించి, పైన మిషను ఆడించి వినేవాణ్ణి. ఆ గుంత తవ్వేది బావ. ఎవరెవరివో పెరళ్ళలో వంగి తవ్వి, మొలతాడును గుడ్డలో చుట్టి లోపల పెట్టి, మట్టి కప్పి, దూరంగా పోయి నిలబడేవాడు. ప్రతి మిషనుకూ ఒక వంక పెట్టి వద్దనేవాడు. అది బేరంలో తెలివి అనుకొని లోలోపల మెచ్చుకున్నాను కూడా.

చివరికి జమ్మలమడుగులో, కువైట్‌లో పనిచేసి వచ్చి రేడియోలు బాగుచేసుకునే ఒక భాయి దగ్గర మంచిది దొరికింది. ఇది నిజంగా బంగారం పడుతుందా అని బావ ఎగతాళిగా అడిగితే ఆయన నవ్వి, "పట్టేదుంటే నీకెందుకు అమ్ముతానప్పా, నేనే కొండ మింద తవ్వుకుంటా ఉండనా?" అన్నాడు. మూరలోతున వెండిని మాత్రం అది తప్పకుండా పట్టింది. ఆయన చెప్పిన ధరలో సగానికి తెచ్చాను, దారంతా ఆ సంతోషమే నాకు.

మరునాడు బురద ఎండి పగుళ్ళిచ్చిన ఆ నేలను తాళ్ళతో చాళ్ళుగా విడగొట్టుకొని నడిచాను. ఇనుముకు పలకకుండా మీట తిప్పి పెట్టినా, ఇత్తడి మూతలకూ ఎద్దుల మువ్వలకూ పలుకుతూనే ఉంది. వెనకే నీళ్ళ బిందెతో వస్తున్న అక్క, మిషను పలికినప్పుడల్లా అడుగు ఆపేది. మట్టి గీకి చూసి నేను తల అడ్డంగా ఊపితే మళ్ళీ కదిలేది. ఎండ నెత్తికెక్కినా ఆపనీలేదు. ఆఖరికి బావ ఉన్నచోటే కూలబడి అక్క వైపు చూశాడు.

"ఆపమని చెప్పు మే. దొరకదు."

మిషను మీద ఇంకా అనుమానమేనా అని నేను విసుక్కున్నాను.

"మిషను మంచిదే అప్పా. వాని నడుముకు వెండి ల్యాదు. పూడ్చే ముందర నేనే తీసేసినా."

వెండి ఉందని తెలిస్తే ఎవరైనా తవ్వుతారని భయపడ్డాడట. దాన్ని ఇంటికి తేలేక, అమ్ముకోలేక, ఆ సాయంత్రమే పెన్నలో విడిచాడట. ఇన్నేళ్ళూ చెప్పడానికి నోరు రాలేదట. నా చేతిలో మిషను సన్నగా మూలుగుతూనే ఉంది, ఆపాలని కూడా నాకు తోచలేదు.

అక్క ఏడవలేదు. ఒకటే అడిగింది.

"ఒట్టి మొలతోనే పంపినావా?"

"లేదు మే. నా మొలకున్న నల్లదారం తెంపి కట్టినా."

అక్క బిందె కింద పెట్టి ఆయన పక్కన కూర్చుంది. "అదన్నా కట్టినావులే" అంది, కొంగుతో ఆయన చేతుల మట్టి తుడుస్తూ.

ఆ ఏడే నీళ్ళు వచ్చాయి, మళ్ళీ అంతగా తగ్గలేదు. రెండేళ్ళ కిందట బావ కూడా పోయాడు. ఒకప్పుడు, తప్పో ఒప్పో, అదిగో ఆ వైపు అని చెయ్యి చూపించడానికి ఆయన ఉండేవాడు. ఇప్పుడు అక్కకు ఏ వైపు తిరిగి దండం పెట్టుకోవాలన్నా నీళ్ళన్నీ ఒక్క తీరుగానే ఉంటాయి. ఆ నీళ్ళే గొట్టాల్లో మా పులివెందులకు వస్తున్నాయి. ట్యాంకరు కోసం పొద్దంతా బిందెలు వరసపెట్టి కాచుకున్న మా తరం ఆ సుఖాన్ని కాదనలేదు. ఈ నీళ్ళ కింద ఒక ఊరుందని మా పిల్లలకు చెబితే, అవునా అని కుళాయి తిప్పుకుంటారు. అక్క మా ఇంటికి వచ్చినప్పుడు మాత్రం, ఇచ్చిన గ్లాసును రెండు చేతులా పట్టుకొని కాసేపు అట్లే కూర్చుంటుంది. తాగమని మేమెవరమూ తొందరపెట్టం.