చింతపండుతో తోమిన ఇత్తడి గొట్టం

తుంగభద్ర నీళ్లు దోసిట్లో పట్టుకుని చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నన్నెరిగిన కంప్లి మిత్రులు నవ్వుకుంటే నవ్వుకోనీండి.

నిన్న మా మిద్దె మీద డిష్ బిగించడానికి వచ్చిన మనిషి వేలెడు లావైనా లేని నల్ల తీగను గోడ మీంచి కిందికి వదిలి, ఇక లోకమంతా మీ ఇంట్లోనే అని చెప్పి వెళ్లాడు. దాన్ని చేత్తో పట్టుకుంటే చల్లగా ఉంది. నేనెరిగిన తీగ చెయ్యి కాల్చేది.

అరవైల్లో మా ఊరి గుట్ట మీద వానమబ్బుల జాడ కనిపెట్టే రాడార్ ఒకటి పెట్టారు. దాని మెకానిక్ మా మేనమామ. ఆయన మాట మీదే నాకూ అక్కడ తాత్కాలికంగా పని దొరికింది. యంత్రంలో పుట్టిన మైక్రోవేవ్ బలమంతా పైనున్న యాంటెన్నా పళ్లెందాకా ఒక నలుపలకల ఇత్తడి గొట్టంలోంచి పోయేది, ఆ గొట్టంలో పొడిగాలి తప్ప మరేదీ ఉండకూడదు. పెద్ద ఇంజనీరు తనిఖీకి వస్తున్నాడనీ, తెర మీద మబ్బు చూపిస్తే నా ఉద్యోగం పర్మనెంటు, లేకుంటే ఇంటిదారేననీ కబురొచ్చింది.

పెద్దవాళ్లు వస్తున్నారంటే ఇంట్లో ఇత్తడంతా చింతపండుతో తోమే అలవాటు మనది కదా. మా మామ ముందురోజు గొట్టం విప్పి, చింతపండు పులుసు లోపలికి పోసి, కర్రకు గుడ్డ చుట్టి తళతళా తోమి మళ్లీ బిగించాడు. పైకి బంగారమే గానీ, లోపల వంపులో తడీ పీచూ మిగిలాయి. మర్నాడు పొద్దున యంత్రం వేయగానే గొట్టంలో చిటపటమని నిప్పురవ్వలు లేచాయి.

జీపు అప్పటికే గుట్ట ఎక్కుతోంది. నేను పెట్టెలో పడివున్న నల్లటి కోయాక్సియల్ కేబులు లాక్కొచ్చి గొట్టానికి బదులు తగిలించాను. పెద్ద కాలువను పిల్లకాలువలోకి తిప్పినట్టే అది. సగం బలం దారిలోనే వేడైపోతుంది. అయినా సిరిగేరి వైపు మబ్బొకటి తెర మీద మసకగా తేలింది, ఇంజనీరు భళా అన్నాడు. ఈలోగా తీగచుట్ట మీద నేను మరిచిపోయిన శెనక్కాయల మూట కమ్మగా వేగిన వాసన వేసింది. ఆయన ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుని, తీగను ముట్టి, చెయ్యి లాక్కున్నాడు.

“ఏందప్పా ఇది, తీగనా, పొయ్యినా?”

అంటుండగానే అతుకు ఢామ్మంది, తెర ఆరిపోయింది. ఆయన మూలనున్న గొట్టం ఎత్తి వాసన చూశాడు.

“యారప్పా, దీంట్లో చింతపండు సారు కాసింది?”

“నేనే సామీ,” అన్నాడు మామ. “అత్తగారింటి చెంబనుకుని తోమినా. తీగ తగిలిచ్చి మబ్బు చూపిచ్చిన తెలివి మాత్రం వీనిది.” నేనేదో నసుగుతుంటే కాలు తొక్కి, “నువ్వు గమ్మునుండప్పా అల్లుడా!” అన్నాడు.

మామ పని పోయింది, సిరిగేరి వరిమళ్లలోకి దిగాడు. నాది పర్మనెంటు అయింది.

ఇప్పుడు తీగలు వేడెక్కవు, చెడిపోతే ఎవరో వచ్చి మార్చి పోతారు, తప్పెవరిదని అడిగేవాడూ లేడు, నాదేనని ముందుకొచ్చేవాడూ లేడు.

అన్నట్టు, ఒక్కటి కల్పించాను. శెనక్కాయలు మాత్రం కాదు, అవి నిజంగానే వేగాయి. గొట్టం తోమిన రోజు మామ గుట్ట మీద లేడు, కంప్లి సంతకు పోయాడు. ఆ పులుసు పోసింది నేను.