ఎవరమ్మాయివి?

బ్రాడీపేట కోచింగ్ సెంటర్లో బోర్డు మీద నేను మైటోకాండ్రియా బొమ్మ వేసి, "ఇవి మనకి ఎవరి నుంచి వస్తాయి?" అని అడిగితే క్లాసంతా పైకప్పు ఎగిరిపోయేలా అరుస్తుంది. "అమ్మ నుంచి, మేడమ్!" తేలికైన బిట్టు. ఎవరూ తప్పు రాయరు.

అమ్మకి మతిమరుపు ముదిరాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. చీరాల నుంచి మేనమామ తోడొచ్చాడు.

"మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఇలా ఉండేదాండీ?" అని డాక్టరు అడిగాడు. మామయ్య గొంతు సవరించుకుని గోత్రంతో మొదలుపెట్టి, తండ్రి, తాత, ముత్తాత, వరసగా అందరినీ దింపాడు. అందరూ చివరిదాకా మగ్గం వదలని గట్టి మనుషులేనట.

"వాళ్ళు సరేనండీ. మీ అమ్మగారి అమ్మగారు?"

"ఆవిడ పేరే తెలీదండీ. వేరే ఇంటిపేరు గదా!"

నాకు ఒళ్ళు మండింది. ఆ ముత్తాతలందరినీ మగ్గాలే కన్నాయి కాబోలు.

వయసు మీద పడేకొద్దీ అందరి మెదడులోనూ కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియా నీరసిస్తాయనీ, కొన్ని ఇళ్ళలో వాటి లోపం తల్లి వైపు నుంచి దిగుతుందనీ, అమ్మది అదేనని మాత్రం చెప్పలేననీ డాక్టరు అన్నాడు. అమ్మమ్మ తల్లి చివరి రోజుల్లో ఎలా ఉండేదో తెలిస్తే కొంత నయమట. అది తెలిసిన మనిషి ఒక్కతే మిగిలింది. ఆవిడే మర్చిపోతోంది.

నేను పెళ్ళి చేసుకోలేదు. ఆ తల్లుల వరస నాతో ఆగిపోతుంది, దానికి బాధ లేదు. కానీ స్టాఫ్ రూంలో ఎవరి పేరైనా చప్పున గుర్తు రాకపోతే ఆ పూట అన్నం సయించదు. ఈ భయం చెప్పుకోవాలంటే నాకు అమ్మ తప్ప ఎవరూ లేరు.

రోజూ సాయంత్రం పక్కన కూర్చుని అడుగుతాను. "మీ అమ్మమ్మ ఎలా ఉండేదమ్మా?" పుట్టింట్లో మగ్గం మీద పాత పడుగు కొసలకి కొత్త పడుగు పోగులు అతికినట్టు, అమ్మ పమిట చెంగు పోగుల్ని రెండు వేళ్ళతో పేనుతూనే ఉంటుంది.

నిన్న పేనడం ఆపి నా మొహంలోకి చూసింది.

"ఎవరమ్మాయివమ్మా నువ్వు?"

చిన్నప్పటి నుంచి పేరంటాల్లో, బస్సుల్లో ఎవరడిగినా చెప్పినట్టే అలవాటుగా నాన్న పేరు చెప్పేశాను.

అమ్మ మొహం విప్పారింది. "ఆయన తెలియకపోవడమేంటి, మంచాయన! మరి మీ అమ్మెవరు?"

తేలికైన బిట్టే. ఆవిడ చెంగు కొస అందుకుని, నేనూ ఆ పోగులు పేనడం మొదలుపెట్టాను.