ఉప్పు వేయని చింతపండు

ఉప్పుకు నేను డబ్బు ఇవ్వలేదు. పుంగనూరు మహిళా సంఘం మీటింగులో, చాపల మీద కూర్చున్న అందరి ముందు ఈ ఒక్క మాట అని ఉంటే దాని లీడరుకు చెడ్డపేరు వచ్చేది కాదు. నేను అనలేదు. అననందుకు నాకు ఒక మోపెడ్ వచ్చింది.

తొంభైల చివర్లో నేను మదనపల్లెలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేసేవాణ్ణి. టమాటా మార్కెట్టుకు పోయే దారిలో, ఎరువుల అంగడి మిద్దె మీద ఒకే గది. కూలి డబ్బు సాయంత్రానికే అయిపోయేవాళ్ళకు, జీతం నెల మధ్యలోనే చేయిచ్చేవాళ్ళకు ఇంటి ఖర్చుల సంగతిలో సాయం చేయడం మా పని. రేషన్ కార్డు ఎక్కడ ఆగిందో కనుక్కునేవాళ్ళం, ముసలివాళ్ళకు పింఛను అర్జీలు రాసిపెట్టేవాళ్ళం, తాకట్టులో ఉన్న కమ్మలు విడిపించుకోవడం మేలో వదులుకోవడం మేలో చెప్పేవాళ్ళం. పొదుపు సంఘాలకు చిన్న చిన్న అప్పులు కూడా ఇచ్చేవాళ్ళం. వారంలో ఒక రోజు పుంగనూరులోనూ ఒక రోజు కుప్పంలోనూ బల్ల వేసుకుని కూర్చునేది నేనే.

నా బల్ల దగ్గరికి అందరూ కష్టాలతోనే వచ్చేవాళ్ళు, కానీ ఏడుపు మొహంతో వచ్చేవాళ్ళు తక్కువ. పెద్దతిప్పసముద్రం నుంచి ఒక రైతు పింఛను అర్జీ రాయించుకుని, బుట్టెడు టమాటాలు బల్ల మీద పెట్టాడు. మేము ఫీజు తీసుకోం అని చెప్పాను.

“ఫీజు కాదప్పా. ధర ల్యాక ఇస్తాండా. ధర ఉంటే నీకు యాల ఇస్తాను?” అన్నాడు.

కుప్పంలో ఒకాయనకు బీడీలు మానితే ఎంత మిగులుతుందో గంటసేపు వివరించాను. మరుసటి నెల వాళ్ళావిడ వచ్చింది. “బీడీలు మానినాడు సారూ. ఇప్పుడు పూటకు రెండు కాఫీలు తాగుతాండాడు. పాలు, సక్కెర, కట్టెలు అన్నీ పెరిగినాయి. నీకు దండం పెడతా, బీడీలే తాగమని సెప్పు.”

ఇట్లాంటి ఓటముల మధ్య నాకు ఒక్క విజయం ఉండేది. అది నా చింతపండు ఉపన్యాసం. లేనివాళ్ళు ఏదీ మొత్తంగా కొనలేరు కదా, పులుసుకు కావలసిన చింతపండును ఏ పూటకాపూట పొట్లంగా తెచ్చుకుంటారు. ఆ పొట్లంలో సగం ఉప్పు. నేను అంగట్లోంచి ఒక పొట్లం తెప్పించి, అందరి ముందు విప్పి, నాలుక మీద పెట్టుకుని, మొహం వికారంగా పెట్టేవాణ్ణి. “ఇది చింతపండు కాదమ్మా, ఉప్పు. చింతపండు ధర పెట్టి ఉప్పు కొంటున్నారు. ఉప్పు కలిపిన చింతపండు మోసం!” అనేవాణ్ణి. ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. గుడుపల్లెలో నన్ను ఉప్పు సారు అనేవాళ్ళని తర్వాత తెలిసింది. ఆ పేరు నాకు గొప్పగానే ఉండేది.

పుంగనూరులో ఆ ఉపన్యాసం విని ఒకామె మాత్రం నవ్వలేదు, ఆలోచించింది. ఆమె అక్కడి సంఘానికి లీడరు. నలభై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచీ చింతపండు కొట్టే కూలి. పెంకు వలచి, గింజ తీసి, పండును మండీకి అప్పజెప్పే పని. సంఘంలో ముప్పాతిక మంది అదే పని. ఊరి చింతపండంతా వాళ్ళ చేతుల మీదుగా పోయేది, వాళ్ళ ఇళ్ళల్లో మాత్రం పొట్లాలు.

“సారూ, పండు దిగే కాలంలో అందరికీ కలిపి మీరు అప్పిస్తే, సెట్టు మీదనే బేరం సేసుకుంటాం. కొట్టేది మేమే. ఏడాదంతా కొన్న ధరకే పంచుకుంటాం, కొంచెం కొంచెం కడతాం” అంది.

ఇంత మంచి ఆలోచన నా బల్ల దగ్గరికి అంతకు ముందు రాలేదు. మా సంస్థ పెద్దాయన అప్పు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఆమె పల్లెలకు పోయి చెట్లు చూసి బేరం చేసింది. ఎండలు ముదిరాక ఆమె ఇంటి ముందు వీధి వీధంతా చింతపండు కొట్టింది. కొట్టేవాళ్ళ పాటలు, పరాచికాలు, మధ్యలో ఎవరి అత్త ఎంత పిసినారో అన్న పోటీ. నేను కూడా ఒక కర్ర పట్టుకుని కూర్చుంటే, “సారు గింజ తీస్తాండాడా, గింజకు గంధం పూస్తాండాడా” అని ఒకామె అంది. ఆ రోజు నాకు ఇప్పటికీ ఇష్టం.

పండు ఆరాక ఆమె నా దగ్గరికి వచ్చింది. “సారూ, కల్లుప్పుకు, కుండలకు కొంచెం దుడ్డు ఇయ్యండి.”

“ఉప్పా? మనమూ ఉప్పు కలిపితే అంగడివాడికీ మనకూ తేడా ఏముందమ్మా?”

“అంగడోడు తూకానికి ఏస్తాడు. మనం నిలవకు ఏస్తాం. మీ అమ్మ ఏసేది ల్యాదా?”

మా అమ్మ వేసేది. ఉప్పు చల్లి, పిడికిలితో అదిమి, కుండ మూతికి గుడ్డ కట్టి అటక ఎక్కించేది. ఆ పని చూస్తూ పెరిగినవాణ్ణే. కానీ మూడు ఊళ్ళలో చింతపండులో ఉప్పు మోసమని నాలుక చాపి చెప్పినవాణ్ణి, నా చేత్తో ఉప్పుకు డబ్బు ఎట్లా ఇవ్వను?

“జనం నవ్వరా అమ్మా?” అన్నాను.

“నవ్వితే నవ్వనీ సారూ. నవ్వుకు పురుగు పట్టదు.”

నేను వినలేదు. ప్లాస్టిక్ కవరు వేసిన గోనెసంచుల్లో గాలి తగలకుండా కడితే చాలన్నాను. మా చింతపండులో ఉప్పు లేదని అందరికీ చెప్పుకోవచ్చు అన్నాను. ఆమె “మీరు సదువుకున్నోళ్ళు. మీ ఇష్టం” అని వెళ్ళిపోయింది. ఆ మాటలు మా ఇద్దరి మధ్యనే జరిగాయి.

వానలు పట్టేదాకా అంతా బాగానే ఉంది. తర్వాత ఒక సంచి విప్పితే పండు నల్లగా, నీరు కారుతూ, కల్లు వాసన వేసింది. రెండో సంచిలో పురుగు. తక్కినవీ అంతే. తినని చింతపండుకు అప్పు కట్టాల్సి వచ్చింది.

మీటింగుకు మా పెద్దాయన కూడా వచ్చాడు. ఆయన నా పని మెచ్చుకుని, ఊళ్ళు తిరగడానికి మోపెడ్ కొనిస్తానని ఆ నెలలోనే చెప్పి ఉన్నాడు. ఆయన పక్కన నేను. ఎదురుగా చాప మీద సంఘం. లీడరు ఒక చివర, సంఘం పెట్టె తాళంచెవి కొంగున కట్టుకుని.

“కల్లుప్పు ఏసుంటే ఇట్లయ్యేదా?” అని ఒకామె మొదలుపెట్టింది. “ఉప్పు యాల ఏయలేదు?”

“దుడ్డు రాలేదు” అంది లీడరు.

“రాలేదో, వచ్చి యాడికన్నా పోయిందో. సారునే అడుగుదాం. సారూ, ఉప్పుకు దుడ్డు ఇచ్చినారా, ల్యాదా?”

అందరూ నా వైపు తిరిగారు. లీడరు కూడా తిరిగింది. ఆమె మొహంలో భయం లేదు. నేను నిజం చెబుతానన్న నమ్మకమే ఉంది. పక్కన పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. నాకు మోపెడ్ కనిపించింది. నీలం రంగు కూడా కనిపించింది.

“ఆఫీసులో చూసి చెబుతాను” అన్నాను.

చూడాల్సింది ఏమీ లేదు. ఆ మాటను వాళ్ళు తమకు తోచినట్టు అర్థం చేసుకున్నారు. ఇవ్వకపోతే ఇవ్వలేదనే అంటాడు కదా, ఆమె పరువు కాపాడుతున్నాడు పాపం, అని. ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి చాప మీద పెట్టింది. “నేను తిన్లేదు. తిన్నాననుకునేవాళ్ళ సంఘంలో ఉండను” అని లేచి వెళ్ళింది.

చెడిన పండును ఎవరూ పారేయలేదు. ఆ దీపావళికి వీధిలో ఇత్తడి బిందెలూ చెంబులూ దాంతో తోమి తోమి బంగారంలాగా మెరిశాయి. “మన అప్పు ఎంత బాగా మెరస్తాండాదో సూడండే” అని వాళ్ళే నవ్వుకున్నారట. మా పెద్దాయన వడ్డీ మాఫీ చేశాడు, అసలు మెల్లగా కట్టేశారు. సంఘం నిలబడింది. మరుసటి ఏడు మళ్ళీ కొన్నారు. ఈసారి ఉప్పు వేశారు, ఉపన్యాసం నేను మానేశాను. ఆమె మీద మాత్రం “ఉప్పు దుడ్డు తినిన ఆయమ్మ” అన్న పేరు అట్లాగే ఉండిపోయింది. కొత్త మోపెడ్ మీద పుంగనూరు పోయినప్పుడల్లా నేను ఆ వీధి తప్పించి చుట్టు తిరిగి పోయేవాణ్ణి. అట్లా ఎక్కువైన పెట్రోలు ఖర్చు గురించి మాత్రం నా సలహాల్లో ఎవరికీ చెప్పలేదు.

కొన్నేళ్ళు గడిచాయి. రెండువేల సంవత్సరం దాటాక ఒకసారి కుప్పంలో, రైల్వే స్టేషన్ దగ్గర కొత్తగా పెట్టిన భోజనం అంగట్లోకి పోయాను. అన్నంలో పులుసు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, వెనక నుంచి గొంతు వినిపించింది.

“ఉప్పు సరిపోయిందా సారూ?”

ఆమే. ఆ అంగడి ఆమె చెల్లెలిది. పుంగనూరులో ఉండబుద్ధి కాక వచ్చి వంట చూసుకుంటోందట. ముద్ద మింగడానికి నాకు నీళ్ళు కావలసి వచ్చాయి. చెంబు కూడా ఆమే అందించింది.

అంగట్లో జనం తగ్గాక ఆమె ఎదుట నిలబడి, “తప్పు నాదమ్మా. మన్నించు” అన్నాను.

ఆమె బల్ల తుడుస్తూనే ఉంది. “తప్పు నీదని నాకు తెలీదా? నాకు తెలిసిందే నాకు సెప్తే ఏమొస్తాది నాయనా? తెలీనోళ్ళకు సెప్పు. ఆడ సెప్పు.”

“చెబుతాను.”

“ఇంతకు ముందు కూడా సూసి సెప్తా అన్నావు” అంది. నవ్వింది. “నేనూ వస్తా. నువ్వు దారిలో దిగిపోతావేమో.”

సంఘం కూడే రోజు ఇద్దరం బస్సెక్కాం. పలమనేరులో బస్సు ఆగితే నేను బఠాణీలు కొన్నాను. ఆమె ఒకటి నోట్లో వేసుకుని, “దీనికి ఉప్పు ఏసినారు. మోసం” అంది. వెనక సీటాయన ఏమైందని అడిగితే, “ఏం ల్యాదప్పా, ఈ సారు ఉప్పు ఎక్కువైతే తినడు” అని చెప్పింది. పుంగనూరు వచ్చేదాకా ఆమె హాయిగా కునుకు తీసింది. నాకు మాత్రం చెమటలు.

అదే వీధి, అవే చాపలు. కొందరికి జుట్టు నెరిసింది. కొత్తగా చేరినవాళ్ళకు నేనెవరో తెలియదు. ఆమెను చూసి రెండు మూడు మొహాలు పక్కకు తిరిగాయి. ఆమె పాత చోటే, చాప చివర కూర్చుంది. నేను నిలబడి, ఎట్లా మొదలుపెట్టాలో తెలియక గబగబా చెప్పేశాను.

ముందు వరసలో కూర్చున్న ముసలామె చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఏమంటాండాడు? గట్టిగా సెప్పప్పా. మాకు ఇన్నేండ్లూ ఒక మాటే ఇనపడింది.”

లీడరు నా వైపు చూసింది, ఆ రోజు చూసినట్టే. ఈసారి వీధి చివరిదాకా వినబడేటట్టు చెప్పాను.

“ఉప్పుకు నేను డబ్బు ఇవ్వలేదమ్మా. ఈమె అడిగింది, నేనే వద్దన్నాను. మీరు అడిగిన రోజు తెలిసీ నోరు మూసుకున్నాను. ఈమె ఒక్క పైసా తినలేదు. తప్పంతా నాది. ఈమెతో పాటు మీరందరూ నన్ను మన్నించండి.”